బాక్సింగ్ శిక్షకుడి పని: జిమ్‌లో మొదటి రోజు నుంచి కార్నర్‌లోని (రౌండ్ల మధ్య బాక్సర్ కూర్చునే రింగ్ మూలలోని) 60 సెకన్ల వరకు

రింగ్‌లో ఉన్న బాక్సర్ తనను తాను చూసుకోలేడు. ఎడమచేత్తో జాబ్ (ముందున్న చేత్తో నేరుగా విసిరే పంచ్) వేసే క్షణంలో కుడిచెయ్యి గడ్డం దగ్గర నుంచి రెండంగుళాలు కిందికి జారిందన్న సంగతి అతడికి తెలియదు. ఎదుటివాడి హుక్ (మోచెయ్యి వంచి పక్క నుంచి వేసే పంచ్) దవడకు తగిలాక కూడా తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కాక, వెనక్కి తప్పుకోవడంలో ఆలస్యమైందని అనుకుంటాడు. ఆ జారిన చేతిని చూసేవాడు, చూసినదాన్ని అలసిన మనిషి చెవికెక్కేటంత చిన్న మాటలో చెప్పేవాడు శిక్షకుడు. మిగతా పనులన్నీ ఈ రెండింటి చుట్టూ తిరుగుతాయి.

చూపుకు ఎంత విలువ ఉంటుందో తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. 1994 సెప్టెంబరులో లండన్‌లోని వెంబ్లీలో లెనాక్స్ లూయిస్ తన హెవీవెయిట్ టైటిల్‌ను ఆలివర్ మెకాల్ చేతిలో రెండో రౌండులోనే పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి మెకాల్ కార్నర్‌లో నిలబడిన శిక్షకుడు ఇమాన్యుయెల్ స్టీవార్డ్. ఓడిన లూయిస్ ఆ తర్వాత చేసిన తెలివైన పని, తన లోపాన్ని అవతలి వైపు నుంచి అంత స్పష్టంగా చూసిన ఆ మనిషినే తన శిక్షకుడిగా పెట్టుకోవడం. 1997లో అదే మెకాల్‌ను ఓడించి లూయిస్ ఆ టైటిల్‌ను తిరిగి దక్కించుకున్నాడు.

కొంతకాలం బాక్సింగ్ ఆడి, ఇప్పుడు కొత్తవారికి నేర్పే బాధ్యతను భుజాన వేసుకుంటున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. బాగా ఆడినవారందరూ బాగా నేర్పలేరు. తమకు సహజంగా వచ్చినదాన్ని విడదీసి చెప్పడం వారికి తరచూ కష్టమవుతుంది.

1. నేర్పే ముందు చూడండి

కొత్తగా వచ్చినవారికి మొదటి రోజే పంచ్ నేర్పవద్దు. ముందుగా వైద్య పరీక్ష చేయించుకుని రమ్మనండి. గుండె, కళ్ళు, రక్తపోటు, గతంలో తలకు తగిలిన గాయాలు, మూర్ఛ చరిత్ర వంటి వివరాలు తెలియకుండా ఎవరినీ రింగ్‌లోకి ఎక్కించకూడదు. తర్వాత తాడాట ఆడించండి, కొంతసేపు నడిపించండి, అద్దం ముందు తోచినట్టు చేతులు ఆడించమనండి. ఈ సమయంలో మీరు మాట్లాడకపోవడమే మేలు.

గమనించవలసినవి మూడు. బరువు ఏ కాలి మీద నిలుస్తోంది? అలసట వచ్చినప్పుడు మొదట ఏది చెడుతోంది, చేతులా, కాళ్ళా, ఊపిరా? ముఖం వైపు ఏదైనా దూసుకొస్తే కళ్ళు మూస్తున్నాడా, తల తిప్పుకుంటున్నాడా, లేక చూస్తూనే ఉన్నాడా? మూడోది తెలుసుకోవడానికి మెత్తని ప్యాడ్‌ను నెమ్మదిగా నుదుటి వైపు కదిపితే సరిపోతుంది. వీటిని ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. ఆరు నెలల తర్వాత ఆ పుటను తెరిస్తే, బాక్సర్‌లో ఏది మారిందో, ఏది మారినట్టు మీరు భ్రమపడ్డారో రెండూ తెలుస్తాయి.

2. నిలబడటం, అడుగు వేయడం

నేల విడిచి సాము చేయకూడదన్న మాట బాక్సింగ్‌కు అక్షరాలా వర్తిస్తుంది, ఎందుకంటే పంచ్ బలం పిడికిలిలో పుట్టదు. వెనక కాలి మునివేళ్ళు నేలను తన్నినప్పుడు మొదలై, నడుము తిరుగుడుతో పైకి వచ్చి, భుజం మీదుగా చేతికి చేరుతుంది. కుడిచేతి వాటం ఉన్నవారు ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక పెట్టి, పాదాలను భుజాలంత వెడల్పులో ఉంచి, వెనక మడమను కొంచెం పైకెత్తి, మోకాళ్ళను సడలించి నిలబడాలి. గడ్డం కిందికి దించి, రెండు చేతులూ చెంపల ఎత్తులో, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉంచాలి.

కదిలే సూత్రం ఒక్కటే: ఎటు వెళ్తే అటువైపు కాలు ముందు కదలాలి, రెండోది అంతే దూరం వెంటరావాలి, పాదాలు ఒకదానికొకటి అడ్డుపడకూడదు. వినడానికి సులభంగా ఉన్నా, అలసినప్పుడు మొదట మర్చిపోయేది ఇదే. నేల మీద సుద్దతో ఒక గీత గీసి, రెండు పాదాలూ ఆ గీతకు చెరోవైపున ఉండేలా ముందుకూ వెనక్కూ కదిలించండి. కొన్ని వారాల పాటు దాదాపు ఇదే చేయించాలి. కుర్రవాళ్ళు విసుక్కుంటారు, కొందరు మానేస్తారు కూడా. వారిని నిలబెట్టుకోవడానికి పంచింగ్ బ్యాగ్ దగ్గరికి తొందరగా పంపితే, ఏడాది తర్వాత మీరు సరిదిద్దలేని అలవాట్లు తయారవుతాయి.

పంచ్‌లలో మొదట జాబ్‌ను మాత్రమే నేర్పండి. దూరం కొలిచేది, ఎదుటివాడి లయను చెడగొట్టేది, మిగతా పంచ్‌లకు దారి తీసేది అదే. వేసిన చెయ్యి వెళ్ళినంత వేగంగా, వెళ్ళిన దారిలోనే చెంప దగ్గరికి తిరిగిరావాలి. చాలామంది చెయ్యి వెళ్ళడాన్ని చూస్తారు. మీరు తిరిగివచ్చే దారిని చూడండి.

3. ప్యాడ్లు పట్టడం

ప్యాడ్లు అంటే బాక్సర్ పంచ్‌లు కొట్టడానికి శిక్షకుడు చేతులకు తొడుక్కునే మెత్తలు. శిక్షకుడూ బాక్సరూ ఒక భాష ఏర్పరచుకునే చోటు ఇది. పంచ్‌లకు అంకెలు పెట్టుకోవడం పాత పద్ధతి: 1 అంటే జాబ్, 2 అంటే కుడి క్రాస్ (వెనకచేత్తో నేరుగా వేసే పంచ్), 3 అంటే ఎడమ హుక్, ఇలా. ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను, ఆ తర్వాత మైక్ టైసన్‌ను తీర్చిదిద్దిన కస్ డమాటో ఈ అంకెల పద్ధతిని ప్రసిద్ధం చేశాడు. బ్యాగ్ మీద శరీర భాగాలకు అంకెలు రాయించి, వరుసలను పిలుస్తూ కొట్టించేవాడు. ఏ అంకె ఏ పంచ్‌కు అన్నది జిమ్‌ను బట్టి మారవచ్చు. మీ ఇద్దరి మధ్య మారకపోతే చాలు.

ప్యాడ్‌ను మీ ముఖానికీ భుజానికీ దగ్గరగా, అసలు ప్రత్యర్థి తల ఉండే ఎత్తులో పట్టండి. పక్కలకు బారచాచి పడితే, బాక్సర్ గాలిలో ఉన్న లక్ష్యాన్ని కొట్టడం నేర్చుకుంటాడు. పంచ్ తగిలే క్షణంలో ప్యాడ్‌ను అరంగుళం ఎదురు తీసుకువెళ్ళండి. అలా చేస్తే అతడి భుజానికీ మీ మోచేతికీ కుదుపు తగ్గుతుంది. ప్రతి రెండు మూడు వరుసలకు ఒకసారి అదే ప్యాడ్‌తో అతడి చెంప మీద నెమ్మదిగా తట్టండి. చెయ్యి గార్డ్‌లో, అంటే ముఖాన్ని కాపాడే చోట, ఉంటే తగలదు, లేకపోతే తగులుతుంది. ఆ ఒక్క తట్టు వంద హెచ్చరికల పని చేస్తుంది.

పటపటమని శబ్దం వచ్చేలా మెరుపు వేగంతో సాగే ప్యాడ్ విన్యాసాలు వీడియోలకు అందంగా ఉంటాయి గానీ, వాటిలో బాక్సర్ నేర్చుకునేది తక్కువని నా అభిప్రాయం. అక్కడ కదులుతున్నది బట్టీపట్టిన వరుస, ఆలోచన కాదు. మూడు నిమిషాల పని, ఒక నిమిషం విరామం అనే రౌండు గంట లెక్కను మాత్రం మొదటి నుంచీ పాటించండి. శరీరానికి ఆ గడియారం అలవాటు కావాలి.

4. చేతులకు పట్టీలు చుట్టడం

చేతి ఎముకలు సన్నవి, చాలా ఉన్నాయి. విరిగితే నెలల తరబడి సాధన ఆగిపోతుంది. సాధనకు వాడే గుడ్డ పట్టీ సుమారు 4.5 మీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. చుట్టేటప్పుడు బాక్సర్ వేళ్ళను బాగా విడదీసి పెట్టుకోవాలి, లేకపోతే పిడికిలి బిగించినప్పుడు పట్టీ నరాలను నొక్కుతుంది.

ఉచ్చును బొటనవేలికి తగిలించి, మణికట్టు చుట్టూ మూడు సార్లు తిప్పండి. అక్కడి నుంచి చేతి వెనక వైపుగా తీసుకెళ్ళి, పిడికిలి కణుపుల చుట్టూ మూడు సార్లు చుట్టండి. తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు మధ్య నుంచి తీసి మణికట్టుకు తెచ్చి, మళ్ళీ పక్క వేళ్ళ మధ్య నుంచి తీస్తూ అడ్డదిడ్డంగా దాటించండి. బొటనవేలిని ఒకసారి చుట్టి, మిగిలిన పట్టీని కణుపుల మీదా మణికట్టు మీదా ముగించండి. ఇప్పుడు పిడికిలి బిగించమనండి, బిగువు తెలియాలి. విప్పమనండి, బిగువు పోవాలి. వేళ్ళ చివర్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా మొత్తం విప్పి మళ్ళీ చుట్టండి.

పోటీ రోజున ఈ పని మరింత గంభీరమైనది. ప్రత్యర్థి చేతులకు పట్టీలు చుట్టేటప్పుడు మీ తరఫు మనిషి ఒకరు ఆ గదిలో నిలబడి చూసే హక్కు ఉంటుంది. దాన్ని మర్యాద కోసం వదులుకోవద్దు. 2009 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో షేన్ మోస్లీతో పోటీకి ముందు ఆంటోనియో మార్గరీటో చేతి పట్టీల్లో గట్టిపడిన పదార్థం ఉందని పసిగట్టినవాడు మోస్లీ శిక్షకుడు నజీమ్ రిచర్డ్‌సన్. అతడు పట్టుబట్టి వాటిని విప్పించాడు, మోస్లీ తొమ్మిదో రౌండులో గెలిచాడు, మార్గరీటో లైసెన్సు రద్దయింది.

ఆ కన్ను లేనిచోట ఏమవుతుందో 1983 జూన్‌లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తెలిసింది. లూయిస్ రెస్టో గ్లవ్‌ల లోపలి మెత్తను అతడి శిక్షకుడు పనామా లూయిస్ తీసివేశాడు. పది రౌండ్ల పాటు ఆ దెబ్బలు తిన్న బిల్లీ కాలిన్స్ కళ్ళు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. పోటీ ముగిశాక కరచాలనం చేసిన కాలిన్స్ తండ్రి చేతికి ఆ గ్లవ్‌లో మెత్త తగలలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది. శిక్షకుడు చేయగలిగిన మేలు ఎంతో, చేయగలిగిన కీడు కూడా అంతేనని చెప్పడానికి ఈ సంఘటనను ప్రస్తావించక తప్పదు.

5. స్పారింగ్

స్పారింగ్‌ను, అంటే ఇద్దరు బాక్సర్ల సాధన పోరును, కొట్లాటగా మారనివ్వకపోవడం పూర్తిగా మీ చేతిలోని పని. 14 నుంచి 16 ఔన్సుల గ్లవ్‌లు, హెడ్‌గార్డ్, మౌత్‌గార్డ్, పొత్తికడుపు రక్షణ తప్పనిసరి. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుందే తప్ప, దెబ్బకు పుర్రె లోపల మెదడు కదలకుండా ఆపలేదు. ఈ తేడాను బాక్సర్‌కూ అతడి ఇంట్లోవారికీ మొదటే చెప్పండి.

ప్రతి రౌండుకూ ఒక పని అప్పగించండి. ఒక రౌండులో ఇద్దరూ ఎడమచేత్తో మాత్రమే ఆడాలి. మరోదానిలో ఒకరు దాడి చేస్తే రెండోవారు తప్పుకోవడమే చేయాలి. ఇలా ఆడిస్తే కోపం పెరగడానికి చోటు ఉండదు. బరువులోనూ అనుభవంలోనూ పెద్ద తేడా ఉన్న ఇద్దరిని కలపవలసి వస్తే, పెద్దవాడికి పరిమితులు పెట్టండి, అతడు వాటిని మీరితే వెంటనే దింపేయండి.

తలకు గట్టి దెబ్బ తగిలాక చూపు ఒకచోట నిలవకపోవడం, ప్రశ్నకు ఆలస్యంగా బదులివ్వడం, అడుగు తడబడటం, తలనొప్పి, వాంతి, వెలుతురు భరించలేకపోవడం, అదే మాటను మళ్ళీ మళ్ళీ అడగడం వంటివి కనిపిస్తే ఆ రోజుకు సాధన ముగిసినట్టే. బాగానే ఉన్నానని అతడు ఎంత చెప్పినా తిరిగి ఎక్కించకూడదు, ఒంటరిగా ఇంటికి పంపకూడదు, వైద్యుడికి చూపించాలి.

6. పరుగు, తూకం

ఓపిక పెంచే పరుగు, తక్కువ దూరపు వేగపు పరుగులు, మెడకూ నడుముకూ వ్యాయామం, సరిపడా నిద్ర గురించి ఇక్కడ విస్తరించను. వాటికి వేరే నిపుణులున్నారు. తూకం విషయంలో ఒక్క మాట మాత్రం చెప్పాలి. చివరి రెండు రోజుల్లో నీళ్ళు మాని, ఆవిరి గదిలో కూర్చుని బరువు దింపించే అలవాటు ప్రమాదకరం. ఒంట్లో నీరు తగ్గినవాడు త్వరగా అలసిపోతాడు, దెబ్బకు తట్టుకోలేడు. ఒక బరువు విభాగానికి చేరాలంటే ప్రతిసారీ ఇదే జరుగుతోందంటే, ఆ విభాగం అతడిది కాదు.

7. ప్రత్యర్థిని ఎంచుకోవడం

మొదటి కొన్ని పోటీలకు ప్రత్యర్థిని జాగ్రత్తగా చూసి ఒప్పుకోండి. మరీ బలహీనుడైతే మీ బాక్సర్ ఏమీ నేర్చుకోడు, మరీ ఆరితేరినవాడైతే భయం నాటుకుంటుంది. కాదని చెప్పగలగడం శిక్షకుడి ఉద్యోగంలో భాగం. మేనేజరు, నిర్వాహకుడు ఎంత ఒత్తిడి చేసినా ఆ మాట మీదే.

ప్రత్యర్థి వీడియోలు దొరికితే మీరు పదిసార్లు చూడండి, బాక్సర్‌కు మాత్రం రెండు విషయాలే చెప్పండి. ఉదాహరణకు, అతడు జాబ్ వేసే ముందు ఎడమ భుజం కొంచెం లేస్తుంది. తాళ్ళ వైపు నెడితే ఎప్పుడూ తన కుడివైపుకే తప్పుకుంటాడు. ఈ రెండింటి మీద వారాల తరబడి ప్యాడ్లతో సాధన చేయిస్తే, పోటీలో ఆలోచించకుండానే శరీరం స్పందిస్తుంది.

8. కార్నర్‌లోని 60 సెకన్లు

రౌండ్ల మధ్య విరామం ఒక్క నిమిషం. అందులో బాక్సర్ వచ్చి కూర్చోవడానికీ తిరిగి లేవడానికీ పోయేది తీసేస్తే, మాటకు మిగిలేది అరనిమిషం. స్టూలు ఎవరు వేయాలో, మౌత్‌గార్డ్ ఎవరు తీసి కడగాలో, నీళ్ళు ఎవరు పట్టాలో, మాట ఎవరు మాట్లాడాలో జిమ్‌లోనే గంట పెట్టుకుని అభ్యాసం చేయండి. మాట్లాడేది ఒక్కరే. ముగ్గురు ఒకేసారి అరిచే కార్నర్ చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే.

మొదటి 15 సెకన్లు మౌనం. మౌత్‌గార్డ్ తీయండి, ఊపిరి లోతుగా పీల్చమనండి, గుక్కెడు నీళ్ళు పట్టండి, మెడ మీద మంచు సంచీ పెట్టండి. ఈలోగా మీరు అతడి కళ్ళను చూస్తూ ఉంటారు. గుండె వేగం కాస్త తగ్గాక, అతడి ముఖానికి ఎదురుగా వంగి, గొంతు పెంచకుండా చెప్పండి: "కుడిచెయ్యి గడ్డం వదలకు. వాడు జాబ్ వేయగానే పక్కకి జరిగి పొట్టలో కొట్టు." అంతే. "ఏం చేస్తావ్?" అని అడగండి. "పక్కకి జరిగి పొట్టలో" అన్న బదులు వెంటనే వస్తే మాట లోపలికి వెళ్ళిందని అర్థం. ఆలస్యంగా వచ్చినా, సంబంధం లేని బదులు వచ్చినా, అది వ్యూహానికి సంబంధించిన సమస్య కాదు, వైద్యానికి సంబంధించినది.

"గట్టిగా కొట్టు", "ధైర్యంగా ఉండు" వంటి మాటల వల్ల ఉపయోగం లేదు. గట్టిగా కొట్టాలని అతడికీ తెలుసు.

ధైర్యం చెప్పవలసిన వేళలూ ఉంటాయి. 1964 ఫిబ్రవరిలో మయామీ బీచ్‌లో సోనీ లిస్టన్‌తో పోరులో, అప్పటికింకా క్యాసియస్ క్లే పేరుతోనే ఉన్న మహమ్మద్ అలీ నాలుగో రౌండు తర్వాత కళ్ళు మండిపోతూ ఏమీ కనబడక, గ్లవ్‌లు కోసేయమని అడిగాడు. శిక్షకుడు ఏంజెలో డండీ కళ్ళు కడిగి, అతడిని లేపి రింగ్‌లోకి నెట్టాడు. చూపు కుదుటపడే వరకూ అలీ దూరంగా తిరుగుతూ ఐదో రౌండును గట్టెక్కించాడు, లిస్టన్ ఏడో రౌండుకు లేవలేదు.

పాయింట్ల లెక్క కూడా మీరే ఉజ్జాయింపుగా వేసుకోవాలి. రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి సాధారణంగా 9, కిందపడితే 8. జడ్జీల కార్డులు మీకు కనబడవు గనుక, ఈ అంచనా తప్పితే సలహా కూడా తప్పుతుంది. 1990 మార్చిలో లాస్ వేగాస్‌లో మెల్‌డ్రిక్ టేలర్, హూలియో సీజర్ చావెజ్‌ల మధ్య పోటీలో ముగ్గురు జడ్జీలలో ఇద్దరి కార్డుల ప్రకారం టేలర్ చాలా ముందున్నాడు. అయినా చివరి రౌండు గెలిచి తీరాలని కార్నర్ చెప్పి పంపడంతో అతడు దూరంగా ఉండకుండా ఎదురెళ్ళాడు, కిందపడ్డాడు, లేచాడు. పోటీ ముగియడానికి రెండు సెకన్లుండగా రిఫరీ ఆపేయడంతో టేలర్ ఓడిపోయాడు.

9. కోతలు, వాపులు

కట్‌మ్యాన్ అనే ప్రత్యేక నిపుణుడు లేని చోట ఈ పని కూడా మీదే. కనుబొమ చిట్లితే ముందు శుభ్రమైన గుడ్డతో రక్తం తుడిచి, గాయం మీద గట్టిగా నొక్కిపట్టండి. మధ్యమధ్యలో ఎత్తి చూడటం వల్లే రక్తం ఆగదు. ప్రొఫెషనల్ పోటీల్లో చాలా చోట్ల వెయ్యికి ఒక వంతు అడ్రినలిన్ ద్రావణంలో తడిపిన దూదిని వాడనిస్తారు. అమెచ్యూర్ పోటీల్లో నిబంధనలు కఠినంగా ఉంటాయి గనుక, ఏది అనుమతిస్తారో ముందే అడిగి తెలుసుకోండి. చివరగా గాయాన్ని వ్యాజలీన్‌తో కప్పండి. వాపు వచ్చిన చోట చల్లని లోహపు పలకను కదపకుండా అదిమిపట్టాలి. దాంతో రుద్దితే లోపలి రక్తనాళాలు మరింత చిట్లుతాయి. రక్తం కంట్లోకి కారుతూ చూపును అడ్డుకుంటుంటే గాయం చిన్నదైనా పెద్దదే.

10. ఆపడం

రిఫరీ ఉన్నాడు, డాక్టర్ ఉన్నాడు, ఇక మనమెందుకు ఆపాలని కొందరు అనుకుంటారు. వారిద్దరికీ ఈ బాక్సర్ ఈ రోజే పరిచయం. అతడు మామూలుగా ఎలా కదులుతాడో, ఏ దెబ్బకు ఎంతసేపట్లో తేరుకుంటాడో మీకు మాత్రమే తెలుసు. కాళ్ళ కింద స్ప్రింగు పోవడం, తాను కొట్టకుండా వరుసగా దెబ్బలు తినడం, రెండు రౌండ్లుగా మీరు చెప్పినదేదీ చేయలేకపోవడం, ఇవన్నీ కలిసి వచ్చినప్పుడు పాయింట్లు ఎలా ఉన్నా ఆపాలి.

1975 అక్టోబరు 1న ఫిలిప్పీన్స్‌లో అలీ, జో ఫ్రేజియర్‌ల మూడో పోరు 14 రౌండ్లు సాగింది. ఫ్రేజియర్ కళ్ళు వాచి మూసుకుపోతున్నాయి. అలీ కూడా నిలబడలేని స్థితిలోనే ఉన్నాడు, మిగిలింది ఒక్క రౌండు, ఫ్రేజియర్ వద్దని ప్రాధేయపడుతున్నాడు. అయినా శిక్షకుడు ఎడ్డీ ఫచ్ పోటీ ఆపించాడు. బాక్సింగ్ చరిత్రలో శిక్షకుడు తీసుకున్న నిర్ణయాలలో నేను అన్నిటికంటే గౌరవించేది అది. 1982 నవంబరులో రే మాన్సీనీతో 14వ రౌండు వరకు పోరాడి పడిపోయిన దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ కొద్ది రోజులకే మరణించాడు. ఆ తర్వాతే ప్రపంచ టైటిల్ పోటీలు 15 రౌండ్ల నుంచి 12కు తగ్గుతూ వచ్చాయి.

ఆపే విషయాన్ని పోటీకి వారం ముందే, ప్రశాంతంగా కూర్చున్నప్పుడు బాక్సర్‌తో మాట్లాడుకోండి. "నేను ఆపితే నువ్వు వాదించకూడదు" అన్న మాటకు అతడి అంగీకారం ముందుగానే తీసుకోండి. తువ్వాలు విసరడాన్ని కొన్ని పోటీల్లో రిఫరీ గుర్తించనవసరం లేదు. అక్కడ రింగ్ అంచు ఎక్కి సైగ చేయడమో, పర్యవేక్షకుడికి చెప్పడమో చేయాలి. ఆ పద్ధతిని నిబంధనల సమావేశంలో అడిగి ఖాయం చేసుకోండి.

11. గంట మోగాక

గెలిచినా ఓడినా ముందు గ్లవ్‌లు తీసి, పట్టీలను మొండి కత్తెరతో కోసి, ఒక్కో వేలినీ నొక్కి చూడండి. గెలిచిన ఉత్సాహంలో చిట్లిన ఎముక నొప్పి తెలియదు. డాక్టర్ దగ్గరికి మీరే వెంట తీసుకెళ్ళండి. తలకు దెబ్బలు తగిలి పోటీ ఆగిపోయి ఉంటే కనీసం 30 రోజులు, స్పృహ తప్పి ఉంటే అంతకంటే చాలా ఎక్కువ కాలం స్పారింగ్‌కు దూరంగా ఉంచాలి. ఆ రాత్రి ఇంట్లో ఎవరైనా తోడు ఉండేలా చూసి, తలనొప్పి పెరిగినా, వాంతులైనా, లేపితే లేవకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళమని ఇంట్లోవారికే చెప్పండి, బాక్సర్‌కు చెప్పి ఊరుకోవద్దు.

పోటీ గురించి విశ్లేషణ ఆ రాత్రి వద్దు. రెండు మూడు రోజులు గడిచాక, ఇద్దరూ కూర్చుని వీడియో చూడండి. ముందుగా అతడినే చెప్పనివ్వండి. జాబ్ వేసే చోట వీడియో ఆపి, "ఇక్కడ నీ కుడిచెయ్యి ఎక్కడుంది?" అని అడగండి.